మూత తిప్పిన చెయ్యి

మార్లిస్ కంగాస్ కారులో ముందు సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. అందులో ఒక గుడ్డ కుక్క కూర్చుని ఉంటుంది. డేరా గుడ్డలాంటి మందపాటి బట్టతో కుట్టిన కుక్క. నోట్లోంచి గొట్టం దించడానికి దారి, పొట్టకి జిప్పు, లోపల రబ్బరు ఊపిరితిత్తులు. పేరు నెల్సు. మలుపుల్లో ముందుకి పడి ముక్కు నలుగుతుందని దానికి సీటుబెల్టు కూడా పెడుతుంది మార్లిస్.

పెట్రోలు బంకు దగ్గర నారింజరంగు కోట్లేసుకున్న వేటగాళ్ళు కారులోకి తొంగి చూసి, "ఏవమ్మా, నీ కుక్క భలే నెమ్మదే! ఒక్కసారన్నా మొరగదు" అంటారు.

"నాలుగు రోజులు మీ ఇంట్లో వదిలి వెళ్తాను, చూసి నేర్చుకోండి" అంటుంది మార్లిస్. అని నవ్వుతుంది. కారు తలుపు వేసుకోగానే ఆ నవ్వు పోతుంది. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆమె నవ్వు అంతే, చుట్టాలింటికి వచ్చినట్టు వచ్చి వెళ్ళిపోతుంది.

జంతువుల ఆస్పత్రిలో కోసేదీ కుట్టేదీ డాక్టరు. కోసినంతసేపూ ఆ ప్రాణాన్ని కనిపెట్టుకుని ఉండేది టెక్నీషియను. మార్లిస్ ముప్ఫై మూడేళ్ళుగా టెక్నీషియను. అందులో చివరి పంతొమ్మిదేళ్ళూ ఏ ఒక్క ఆస్పత్రిలోనూ కుదురుగా లేదు. ఒక శిక్షణ సంస్థ పంపగా మిన్నెసోటా ఉత్తరాన గనుల ఊళ్ళూ చెరువుల ఊళ్ళూ తిరుగుతూ, ఒక్కో క్లినిక్కులో రెండేసి రోజులుండి, అక్కడివాళ్ళకి మత్తు మిషను దగ్గర ఎలా కూర్చోవాలో నేర్పుతుంది. ఆమె నేర్పేదంతా ఒక చిన్న మూత చుట్టూ తిరుగుతుంది.

మత్తులో ఉన్న కుక్కకి మధ్యమధ్యలో మనం ఊపిరి ఇవ్వాలి. మిషనుకి వేలాడే రబ్బరు సంచిని నొక్కితే గాలి దాని గుండెల్లోకి పోతుంది. నొక్కే ముందు పైనున్న మూత తిప్పి మూయాలి, నొక్కిన వెంటనే తెరవాలి. తెరవడం మరిచిపోతే గాలి వస్తూనే ఉంటుంది, బయటికి పోదు. సంచి బిగుసుకుంటుంది, కుక్క రొమ్ము బిగుసుకుంటుంది, రెండు మూడు నిమిషాల్లో గుండె ఆగిపోతుంది. పులుసు పొయ్యి మీద పెట్టి పక్కింటావిడతో మాట్లాడుతూ నిలబడిపోయినంత మామూలు మరుపు.

అందుకే మార్లిస్ ఒక కట్టుబాటు పెట్టింది. మూయగానే "మూశాను" అని గదిలో అందరికీ వినపడేలా అనాలి. "తెరిచాను" అనేదాకా ఆ చెయ్యి మూతని వదలకూడదు. ఎవరు పిలిచినా, కప్పు కూలి నెత్తిన పడుతున్నా వదలకూడదు. మొదట్లో అందరూ నవ్వుతారు. రెండో రోజుకి నవ్వరు, ఎందుకంటే మొదటి రోజు ఆఖర్న ఆమె ఒక కథ చెబుతుంది.

"నాకు తెలిసిన ఒక పిల్ల ఉండేది" అని మొదలెడుతుంది. ఆ పిల్ల ఒక కుక్కకి పళ్ళు శుభ్రం చేయడానికి మత్తు ఇచ్చి కూర్చుంది. ఊపిరి ఇవ్వబోతూ మూత మూసింది, ఇచ్చింది. ఇంతలో బయటినుంచి ఎవరో పిలిచారు. లేచి వెళ్ళింది. అంతే కథ. ఆ పిల్ల ఎవరని ఎవరైనా అడిగితే, "ఇప్పుడు ఆ పని చేయడం లేదు" అంటుంది. రెండు వందల క్లినిక్కుల్లో ఇదే చెప్పింది.

అక్టోబరు చివర కివి లేక్ అనే ఊరి క్లినిక్కునుంచి ఉత్తరం వచ్చింది. నేర్చుకోవాల్సినవాళ్ళ పేర్లు కింద వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా కింద: కార్లా నీమి, బట్టలు ఉతకడం, కుక్కల గదులు కడగడం.

మార్లిస్ అప్పుడే కడిగిన కాఫీ కప్పుని మళ్ళీ తీసి కడిగింది. తుడిచి పెట్టింది. మళ్ళీ తీసి కడిగింది. వెనక వంటింటి గచ్చు మీద గోళ్ళ చప్పుడయింది. టిక్, టిక్, టక్. ఎప్పుడో పోయిన హల్లి అనే కుక్కకి ముందు కాలి గోరు ఒకటి విరిగి ఉండేది, అందుకని మూడో అడుగు మొద్దుగా పడేది. మార్లిస్ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏమీ ఉండదని ఆమెకి తెలుసు. భర్త లీరోయ్ బతికున్న రోజుల్లో, "గొట్టాల్లో నీళ్ళే, చలికి చప్పుడు చేస్తాయి" అనేవాడు. ఇప్పుడు ఆ మాట అనేవాళ్ళు కూడా లేరు.

*

కివి లేక్ క్లినిక్కు డాక్టరు బ్రెండా సాలో ఇంకా నలభై దాటని మనిషి. మార్లిస్ కోటు విప్పకముందే చేతిలో కాఫీ, ఏలకుల రొట్టె ముక్క పెట్టి, పక్కకి తీసుకెళ్ళింది.

"మీతో ఒక మాట. నాకున్న ఒకే ఒక్క టెక్నీషియను జోలీన్. నెలాఖరుకి వాళ్ళాయనతో డకోటా వెళ్ళిపోతోంది. తర్వాత మిషను దగ్గర కూర్చునే దిక్కు లేదు. మనిషి దొరకకపోతే ఆపరేషన్లు మానేయాల్సిందే. ఇక్కడి జనం ఈ మంచులో తొంభై మైళ్ళు పోవాలి."

"ఎవరూ దొరకలేదా?"

"ఎక్కడో వెతకక్కర్లేదు, ఇంట్లోనే ఉంది. కార్లా. చదివింది, ఒకప్పుడు చేసింది. బెదిరిన పిల్లినైనా నిమిషంలో లొంగదీస్తుంది. ఆపరేషను గది గడప మాత్రం దాటదు. తువ్వాళ్ళు తెచ్చినా గడప బయటే పెట్టి పోతుంది. అడిగితే 'నా చెయ్యి మంచిది కాదు' అంటుంది. ఎంతమందికో నేర్పారు కదా, ఆమెని కూడా లోపలికి తీసుకురండి. మీ వల్ల కాకపోతే ఇక ఎవరి వల్లా కాదు."

మార్లిస్ కాఫీ కప్పూ, కొరకని రొట్టె ముక్కా పక్కనున్న బల్ల మీద పెట్టేసింది.

అప్పుడే నడవాలోంచి తువ్వాళ్ళ బుట్ట చంకన పెట్టుకుని కార్లా వచ్చింది. చివరిసారి చూసినప్పుడు ఇరవై మూడేళ్ళ పిల్ల, నడుం దాకా జడ. ఇప్పుడు జుట్టు కత్తిరించేసింది, చేతులు సబ్బు నీళ్ళకి ఎర్రగా పగిలి ఉన్నాయి. మార్లిస్‌ని చూసి బుట్ట కింద పెట్టేసి గట్టిగా కావిలించుకుంది.

"మార్లిస్! మీరా వచ్చేది! అయ్యో, ఎంత చిక్కిపోయారు! డాక్టర్, ఈవిడ ఎవరనుకున్నారు? ఆ రోజు నాతో ఒక్కరూ మాట్లాడకపోతే, నన్ను కారులో ఇంటిదాకా దింపింది ఈవిడే. దారంతా నా చెయ్యి పట్టుకునే ఉంది. నేను మరిచిపోలేదు."

మార్లిస్ చేతులు రెండూ పక్కన వేలాడుతూ ఉండిపోయాయి. కార్లా జుట్టులోంచి ఉతికిన బట్టల వాసన వచ్చింది.

*

ఆ రోజు పాఠం మామూలుగానే జరిగింది. బల్ల మీద నెల్సుని పడుకోబెట్టారు. జోలీన్ దాని చెవి ఎత్తి చూసి, "దీనికి పురుగుల మందు వేయించి ఎన్నాళ్ళయింది? పళ్ళు కూడా తోమినట్టు లేవు" అంది. అందరూ నవ్వారు. ముందు బల్ల దగ్గర ఫోను తీసే పెద్దావిడని కూడా కూర్చోబెట్టి "మూశాను" అనిపిస్తే, "ఇంట్లో మా ఆయన నోరు మూయించలేకపోయాను, ఇక్కడ ఇదొకటా" అంది. ఇంకా నవ్వారు.

గడప బయట కార్లా ఆ గట్టు నుంచి ఈ గట్టుకి చూస్తున్న మనిషిలా నిలబడి ఉంది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. మూశాను. తెరిచాను. అందరికన్నా ముందే అంటోంది, చప్పుడు రాకుండా.

ఆఖర్న కథ చెప్పే వేళయింది. మార్లిస్ అలవాటు ప్రకారం "నాకు తెలిసిన ఒక పిల్ల ఉండేది" అంది. అని గడప వైపు చూసింది. కార్లా తల వంచుకుంది. ఆ పిల్ల తానేననుకుని, వినక తప్పదన్నట్టు తల వంచుకుని నిలబడింది. ఇన్నేళ్ళూ పేరు పెట్టి ఎవర్నీ అనలేదు కదా అని మార్లిస్ తనకి తాను చెప్పుకునేది. పేరు పెట్టకపోవడం ఎవరి నెత్తిన పడిందో ఆ వంచిన తలని చూశాక తెలిసింది.

"ఆ కథ రేపు చెప్తాను. ఈ రోజుకి చాలు" అంది మార్లిస్.

కార్లా బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనకే నడవాలో టిక్, టిక్, టక్. మార్లిస్‌కి తప్ప ఇంకెవరికీ వినపడలేదు.

*

హల్లి పోయిన రోజున ఏం జరిగిందో ఇరవై ఒక్క ఏళ్ళుగా మార్లిస్ ఒక్కదానికే తెలుసు.

హల్లి బూడిదరంగు వేటకుక్క. గనిలో పనిచేసి రిటైరైన విల్హో రాంటా అనే ముసలాయనది. పళ్ళు పాచిపట్టాయని తీసుకొచ్చాడు. మిషను దగ్గర కూర్చున్నది మార్లిస్. మూత మూసి ఒక ఊపిరి ఇచ్చింది. కాగితం మీద పదీ ముప్ఫై అయిదు, ఒక ఊపిరి, అని రాసి పక్కన తన పొడి సంతకం పెట్టింది. అయిదేసి నిమిషాలకి అలా రాయాలి. అంతలో ముళ్ళపంది ముళ్ళు మూతినిండా గుచ్చుకున్న కుక్కని ఎవరో మోసుకొచ్చారు. బయటినుంచి డాక్టరు, "మార్లిస్, రా! పట్టుకో!" అని అరిచాడు. అప్పుడే లోపలికి వచ్చిన కార్లా చేతిలో కాగితాల అట్ట పెట్టి, "కాస్త చూస్తూ ఉండు" అని పరిగెత్తింది.

తిరిగి వచ్చేసరికి సంచి గుమ్మడికాయంత ఉంది. రబ్బరు కిర్రుమంటోంది. కార్లా హల్లి రొమ్ము మీద చెవి పెట్టి, "వినపడటం లేదు, నాకేం వినపడటం లేదు" అని ఏడుస్తోంది. మార్లిస్ మూత తెరిచింది. గాలి బుస్సుమని పోయింది. కుక్క మాత్రం తిరిగి రాలేదు. డాక్టరు వచ్చి, "ఏం జరిగింది?" అన్నాడు.

"మూత మూసి ఉంది" అంది మార్లిస్.

"మిషను దగ్గర ఎవరున్నారు?"

"నేనే" అంది కార్లా.

అంతే. తర్వాత మార్లిస్ నోరు తెరవలేదు. ఆ నిమిషంలో తెరవలేకపోయింది, ఆ సాయంత్రం తెరవలేకపోయింది. ఒక రోజు దాటాక ఇంకా కష్టమైంది. ఆ రాతకాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, తడిసిపోతే పారేశానని చెప్పింది. ఆ ఆస్పత్రి ఆనవాయితీ ప్రకారం, కుక్క పోయినవాళ్ళకి పంపే ఓదార్పు కార్డు మీద అందరూ సంతకాలు చేశారు. మార్లిస్ కూడా చేసింది. కార్లా చేసి, మర్నాడు పని మానేసింది.

*

సాయంత్రం నాలుగయింది. బయట పొద్దు వాలుతోంది. బట్టలు ఆరబెట్టే మిషను గిరగిరా తిరుగుతోంది. దాని పక్కన నిలబడి కార్లా తువ్వాళ్ళు మడత పెడుతోంది. మార్లిస్ నెల్సుని చంకన పెట్టుకుని వెళ్ళింది.

"డాక్టరు పంపిందా?" అంది కార్లా నవ్వుతూ. "నన్ను లోపలికి లాగమని? లాభం లేదండీ. మీరంటే నాకు ఎంత ఇష్టమైనా సరే."

"కార్లా, ఆ మూత నువ్వు మూయలేదు."

కార్లా మడత ఆపలేదు. "ఇలాగే అంటారని తెలుసు. మీది మంచి మనసు."

"మంచి మనసు కాదు. మూసింది నేను. మూసి, ఊపిరి ఇచ్చి, తెరవకుండా పరిగెత్తాను. నీ చేతిలో అట్ట పెట్టేసరికే అది మూసి ఉంది."

"లేదండీ."

"అవును."

"లేదు. నాకు గుర్తుంది." కార్లా కుడి చెయ్యి ఎత్తి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాల్లో ఏదో తిప్పింది. "ఇలా తిప్పాను. చల్లగా ఉంది. చివర చిన్న గాటు ఉంది, వేలికి తగిలింది. రోజూ తగులుతుంది. గిన్నె మూత తిప్పినా, కుళాయి తిప్పినా అదే. మీకేం తెలుసు? చెయ్యి నాది."

ఆ గాటు మార్లిస్‌కీ తెలుసు. ఆ మిషను మీద ఏళ్ళ తరబడి అందరి వేళ్ళకీ తగిలిన గాటే. చెయ్యని పనిని ఈ పిల్ల ఇరవై ఒక్క ఏళ్ళు తలుచుకుని తలుచుకుని, చేసినట్టే జ్ఞాపకం తెచ్చుకుంది. తన చేతిలో ఉండాల్సిన చలి ఈమె చేతిలోకి వెళ్ళి కూర్చుంది.

ఆమె నెల్సు పొట్ట జిప్పు తీసింది. రబ్బరు ఊపిరితిత్తుల వెనక ఒక చిన్న జేబు కుట్టి ఉంది. అందులోంచి మడతలు అరిగిన కాగితం తీసి తువ్వాళ్ళ మీద పెట్టింది.

కార్లా వంగి చదివింది. పదీ ముప్ఫై అయిదు. ఒక ఊపిరి. మా. కం. దాని కింద అన్నీ ఖాళీ గళ్ళు, ఆ తర్వాత ఇంకెవరూ ఊపిరి ఇచ్చింది లేదు, మూత ముట్టింది లేదు.

ఆరబెట్టే మిషను ఆగిపోయింది.

"ఇది దీని పొట్టలో పెట్టుకుని తిరిగావా?" అంది కార్లా. "ఊరూరా? అందరూ దీన్ని నొక్కుతుంటే?"

"ఊఁ."

"ఆ రోజు కారులో నా చెయ్యి పట్టుకున్నప్పుడు, ఇది నీ జేబులో ఉందా?"

"ఉంది."

కార్లా కుర్చీలో కూలబడింది. కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని, ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూసింది.

"విల్హో ఇంటికి వెళ్ళాను, తెలుసా? నెల తర్వాత. 'మీ హల్లిని నేనే చంపాను' అని చెప్పాను. ముసలాడు కూర్చోమన్నాడు. కాఫీ పోశాడు. తాగి లేస్తుంటే ఇంకో కప్పు పోశాడు. ఇక ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. పదమూడేళ్ళు. సరుకులు తెచ్చేదాన్ని, ఆవిరి గదికి కట్టెలు కొట్టిపెట్టేదాన్ని. చనిపోయే రోజున కూడా నేనే ఉన్నాను, వాళ్ళవాళ్ళు ఎవరూ లేరు." కాగితం వైపు చెయ్యి చూపింది. "అదంతా నీ చాకిరీ. నేను చేశాను."

"కార్లా, నన్ను..."

"అనొద్దు. క్షమించమని మాత్రం అనొద్దు. నాకు ఇప్పుడు అది వినే ఓపిక లేదు. ఆ కాగితం ఇక్కడ పెట్టి వెళ్ళు."

మార్లిస్ వెళ్ళింది. గడప దగ్గర వెనక నుంచి కార్లా గొంతు వినపడింది. "రేపు ఆ కథ చెప్తానన్నావుగా. ఎవరి కథో సరిగ్గా చెప్పు."

*

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి అందరూ కూడారు. మార్లిస్ నెల్సుని బల్ల మీద పెట్టలేదు. చేతులు రెండూ ముందు పెట్టుకుని నిలబడి, "ఇరవై ఒక్క ఏళ్ళ కిందట నేను ఒక కుక్కని చంపాను" అంది. అని, ముళ్ళపంది దగ్గర్నుంచి జేబులో కాగితం దాకా అంతా చెప్పింది. కార్లా పేరు చెప్పింది. ఆమె తప్పేమీ లేదని చెప్పింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

జోలీన్ కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చుంది. డాక్టరు సాలో, "ఇది మిమ్మల్ని పంపినవాళ్ళకి కూడా నేను రాయాల్సి వస్తుంది, మార్లిస్" అంది.

"నిన్న సాయంత్రమే నేనే రాశాను" అంది మార్లిస్. "ఇక నన్ను పంపకపోవచ్చు."

ఆ రోజు జాబితాలో ఒక ముసలి కుక్క ఉంది, రెండు పళ్ళు పీకాలి. పొట్టికాళ్ళ వేటకుక్క, పదకొండేళ్ళది. జోలీన్ దానికి మత్తు ఇచ్చి, గొట్టం వేసి, మిషను ముందు స్టూలు లాక్కుని కూర్చుంది.

"లే" అంది కార్లా.

గడపలో నిలబడి ఉంది. చేతులు మోచేతుల దాకా కడుక్కుంది, నీళ్ళు కారుతున్నాయి. ఒక్క క్షణం అలాగే నిలబడి, ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు, చల్లటి చెరువులో దిగినట్టు గడప దాటింది. జోలీన్ లేచి పక్కకి జరిగింది. కార్లా స్టూలు మీద కూర్చుని, కుక్క దవడ కింద వేలు పెట్టి నాడి చూసింది.

తర్వాత తలెత్తి మార్లిస్‌ని చూసింది. "నువ్వు బయట ఉండు. నువ్వు పక్కనుంటే దీని ఊపిరి నాకు వినపడదు."

మార్లిస్ బయటికి వచ్చింది. తలుపు మూసుకుంది. నడవాలో తువ్వాళ్ళ బుట్ట ఉంది, ఎవరూ మడత పెట్టలేదు. ఆమె బల్ల మీద ఒక్కొక్కటే పరిచి మడవడం మొదలెట్టింది. చివరలు కలిపి, చేత్తో సాపు చేసి, మళ్ళీ మడిచి.

తలుపు వెనక నుంచి, "మూశాను" అని వినపడింది.

మార్లిస్ చెయ్యి ఆగిపోయింది. నడవా చివర్నుంచి చప్పుడు మొదలయింది. టిక్, టిక్, టక్. నెమ్మదిగా వస్తోంది. ఎప్పుడూ ఆమె వెనకే ఆగేది. ఈసారి ఆగలేదు. పక్కనుంచి నడిచి, ముందుకి పోయింది. ఆపరేషను గది తలుపు దగ్గర ఆగింది. తలుపు తీస్తారని ఎదురుచూసే కుక్కలా అక్కడే ఉండిపోయింది.

మార్లిస్ తువ్వాలు గుండెలకి అదుముకుని నిలబడింది. ఊపిరి తీసుకోలేదు.

"తెరిచాను" అంది కార్లా లోపల్నుంచి. గట్టిగా, ఊరంతా వినాలన్నట్టు.

మార్లిస్ ఊపిరి వదిలింది. తలుపు దగ్గర ఇక ఏ చప్పుడూ లేదు. బుట్టలో ఇంకా చాలా తువ్వాళ్ళున్నాయి. ఇంకోటి తీసింది.